క్రాగ్‌సైడ్ చూసొచ్చి శ్రీనుకి రాసిన ఉత్తరం

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. నాన్నగారు కట్టిన రెండు గదుల ఇల్లు ఉంచాలా, పడగొట్టి కొత్తగా పునాది తీయాలా అని నువ్వు పడుతున్న టెన్షన్ చదివాక వెంటనే ఏం రాయాలో తోచలేదు. మొన్న శనివారం ఇక్కడ ఇంగ్లండులో న్యూకాజిల్ నుంచి గంట ప్రయాణం చేసి, రాత్‌బరీ ఊరి పక్కనున్న క్రాగ్‌సైడ్ అనే పాత బంగళా చూసొచ్చాను. ఇప్పుడు నీకు చెప్పడానికి బోలెడంత ఉంది.

ఈ ఇల్లు విలియం ఆర్మ్‌స్ట్రాంగ్‌ది. లా చదివి లాయరుగా పనిచేసి, మనసంతా నీళ్ల మీదే ఉండి, చివరికి నీటి ఒత్తిడితో నడిచే క్రేన్లు తయారుచేసిన మనిషి. తర్వాత ఫిరంగులు, యుద్ధనౌకల వ్యాపారంలో కోట్లు గడించాడు. ఆ డబ్బు ఎక్కడిదో తలుచుకుంటే నాకు కాస్త కష్టంగానే అనిపించిందిరా. అయినా కట్టడం కట్టడమే, దాని గురించే చెబుతాను.

1863లో అతను ఇక్కడ కట్టించుకుంది చిన్న ఇల్లే. సెలవుల్లో వచ్చి, చేపలు పట్టుకుని, నాలుగు రోజులు ఉండి వెళ్లడానికి. 1869లో రిచర్డ్ నార్మన్ షా అనే ఆర్కిటెక్టుని పిలిచి, దీన్ని పెంచమన్నాడు. షా పాత ఇంటిని పడగొట్టలేదు. దాన్ని మధ్యలో ఉంచి, అటొక గది, ఇటొక బురుజు, కొండ వాలు వెంట ఒక పొడవాటి గ్యాలరీ, ఇలా కలుపుకుంటూ పోయాడు. పదిహేనేళ్లు పట్టింది. కింద వాగు మీదున్న ఇనుప వంతెన దగ్గర నిలబడి తలెత్తి చూస్తే, బండల్లోంచి ఇల్లు మొలిచినట్టే ఉంటుంది. ఎత్తుగా లేచిన పొగగొట్టాలు, ఏటవాలు కప్పులు, నల్లటి దూలాల మధ్య తెల్లగా సున్నం పూసిన గోడలు. ఒక వైపు చూసింది ఇంకో వైపు కనబడదు.

ఒక్క విషయం మాత్రం నాకు నచ్చలేదు. ఆ దూలాల అలంకారం ఈ ప్రాంతానిది కాదు. ఇది రాతి దేశం, ఇక్కడి పాత ఇళ్లన్నీ ఇసుకరాయితో కట్టినవే. షా కుర్రతనంలో దక్షిణాన ససెక్స్ వైపు పాత పల్లె ఇళ్లు తిరిగి చూసి, వాటి మీద మనసు పారేసుకున్నాడు. ఆ ముచ్చటంతా ఇక్కడ తీర్చుకున్నాడు. రాయి వరకే ఉంచి ఉంటే ఇంకా బాగుండేదని నా అభిప్రాయం.

లోపల నేను ఎక్కువసేపు నిలబడింది భోజనాల గదిలో. చలిమంట వేసే చోటు మనిషి లోపలికి వెళ్లి కూర్చునేంత పెద్దది. అటూ ఇటూ బల్లలు, పక్కన మోరిస్ కంపెనీ వాళ్లు చేసిన రంగుటద్దాల కిటికీలు. పైన రాతి మీద ‘ఈస్ట్ ఆర్ వెస్ట్, హేమ్స్ బెస్ట్’ అని చెక్కించారు, ఎటు తిరిగినా మనిల్లే మేలని. అదే చోట ఆర్మ్‌స్ట్రాంగ్ చెప్పులేసుకుని, పేపరు చదువుకుంటూ, కాళ్ల దగ్గర కుక్కలతో కూర్చున్న పటం కూడా ఉంది. అంత పెద్ద ఇంట్లో ఆయనకి నచ్చిన మూల అదేనేమో అనిపించింది.

ఇక నీకు బాగా నచ్చే భాగం. ఈ ఇంటిని నడిపింది నీళ్లురా! చుట్టుపక్కల వాగులకు కట్టలు వేసి చెరువులు చేశాడు. పైనుంచి దిగే నీటి ఒత్తిడితోనే లిఫ్టు నడిచేది. వంటింట్లో మాంసం కాల్చే చువ్వ తనంతట తాను తిరిగేది కూడా ఆ నీటితోనే. లైబ్రరీ కింద ఆవిరి గది, చన్నీళ్ల తొట్టితో స్నానాల గదులున్నాయి. 1878లో నీటితో తిరిగి కరెంటు పుట్టించే టర్బైను పెట్టి, గ్యాలరీలో ఆర్క్ దీపం (బల్బుల కంటే ముందు రకం కరెంటు దీపం) వెలిగించాడు. 1880లో జోసెఫ్ స్వాన్ కనిపెట్టిన బల్బులు వచ్చాయి. నీటి కరెంటుతో ఒక ఇల్లు వెలగడం ప్రపంచంలో ఇదే మొదలంటారు.

లైబ్రరీలో ఆ దీపాలు దగ్గరగా చూశాను. రాగి మీద మీనా పని చేసిన అందమైన కూజాలు, వాటి నెత్తిన బల్బు. స్విచ్చే లేదు! కూజా అడుగు నుంచి ఒక తీగ కొస బయటికి ఉంటుంది. పీట మధ్యలో చిన్న గిన్నెలో పాదరసం. కూజా పీట మీద పెడితే తీగ పాదరసంలో మునిగి దీపం వెలుగుతుంది, ఎత్తితే ఆరిపోతుంది. కరెంటు తిరిగి వెళ్లేది కూజా రాగి ఒంట్లోంచే. ఆ రోజుల్లో పక్కనుండి చూసినవాళ్లకి ఎలా ఉండేదో కదా!

చివరగా కట్టింది డ్రాయింగ్ రూమ్. 1884లో ఇంగ్లండు యువరాజు దంపతులు అతిథులుగా వచ్చే వేళకి సిద్ధం చేశారు. అందులో షా దగ్గర పనిచేసిన లెథబీ అనే ఆర్కిటెక్టు గీసిన పాలరాతి చలిమంట చట్రం గోడంతా ఆక్రమించింది, బరువే పది టన్నులట. దాని శిల్పం గొప్పదే, కాదనను. కానీ నాకు అక్కడ కూర్చోవాలని అనిపించలేదు. మళ్లీ భోజనాల గదిలోకే వెళ్లాను.

ఇంతకీ నీ ఇంటి సంగతి. ముందు ఒక పని చెయ్యి. నాన్నగారి గదుల గోడల మందం, కప్పు ఎత్తు, వరండా నుంచి బావి దాకా దూరం టేపు పెట్టి కొలిచి పంపు. తాపీమేస్త్రీ ఏమన్నాడో కూడా రాయి. పునాది గట్టిదని అతనంటే, ఆ రెండు గదులూ మధ్యలో ఉంచి, తూర్పు వైపు వంటిల్లు, వెనక మెట్లు, పైన మీ గది వచ్చేలా నేనొక ప్లాను గీసి పంపుతాను. డబ్బు చేతికొచ్చినప్పుడల్లా ఒక్కో గది కట్టుకోవచ్చు. నాన్నగారు మధ్యాహ్నం పడుకునే అరుగు జోలికి మాత్రం పోవద్దు.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. వంటిల్లు ఎటువైపు కావాలో తననే రాయమను.

నీ
రఘు