బిల్లు కౌంటర్లో ఫోన్ నంబర్ ఎందుకండీ?

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి శ్రీ ప్రహ్లాద్ జోషి గారికి,

నమస్కారం.

మా అమ్మకు 68 ఏళ్లు. ఖమ్మంలో ఉంటుంది. నెలకోసారి సరుకులకు ఒక పెద్ద సూపర్‌మార్కెట్‌కు వెళ్తుంది. తన ఫోన్ నంబర్ తనకు గుర్తుండదు, అందుకని చిన్న కాగితం మీద రాయించుకుని పర్సులో పెట్టుకుంది. కౌంటర్లో "నంబర్ చెప్పండమ్మా" అనగానే ఆ కాగితం తీసి, కళ్లద్దాలు సర్దుకుని, ఒక్కో అంకె పైకి చదువుతుంది. వెనక క్యూలో ఉన్నవాళ్లందరికీ వినపడుతుంది.

ఒకసారి నేనూ వెంట వెళ్లాను. "నంబర్ ఇవ్వమమ్మా, బిల్లు కొట్టేయండి" అన్నాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి స్క్రీన్ నా వైపు తిప్పి చూపించింది. నంబర్ గడి నింపితే గానీ ముందుకు వెళ్లడం లేదు. "మా చేతుల్లో ఏం లేదు సార్" అంది. నిజమే, ఆ పిల్లను అని ఏం లాభం? మేం కొన్నవి రెండు కిలోల కందిపప్పు, నాలుగు నూనె ప్యాకెట్లు, సబ్బులు. ఇచ్చింది నగదు. ఇందులో ఫోన్ నంబర్‌తో పనేముంది?

అమ్మది బటన్ల ఫోన్. దానిలో మెసేజ్‌లకు ఉండే చోటే తక్కువ. ఆఫర్లు, పాయింట్లు, పండగ సేల్ అంటూ అన్నీ ఇంగ్లీషులో వచ్చి పడతాయి. అమ్మకు ఇంగ్లీషు చదవడం రాదు. మొన్న గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి "ఓటీపీ చెప్పమ్మా" అంటే ఎంతకీ రాలేదు. ఇన్‌బాక్స్ నిండిపోయింది. అతను కాసేపు చూసి బండ వెనక్కి తీసుకెళ్లిపోయాడు. మర్నాడు నేను వెళ్లి ఆ మెసేజ్‌లన్నీ ఒక్కొక్కటే చెరిపేశాను. పెద్దవాళ్లకు ఇలాంటివి ఎంత టెన్షన్ పెడతాయో దగ్గరుండి చూస్తే తెలుస్తుంది.

ఇలా చేయకూడదని మీ శాఖే 2023 మేలో చెప్పింది. బిల్లు కోసం ఫోన్ నంబర్ ఇవ్వాల్సిందేనని పట్టుబట్టడం తప్పుడు వ్యాపార పద్ధతి అని దుకాణదారులకు సూచన పంపింది. అదే ఏడాది వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా, ఏ పని కోసం అడుగుతున్నారో దానికి అవసరమైనంతే తీసుకోవాలంటోంది. మరి ఢిల్లీలో చెప్పిన మాట ఖమ్మంలో ఆ స్క్రీన్ దాకా ఎందుకు రాలేదు?

ఆన్‌లైన్ విషయంలో మీరు గట్టిగానే కదిలారు. కొనేవాళ్లను మభ్యపెట్టే 13 రకాల పద్ధతులను 2023 నవంబర్‌లో నిషేధించారు. అందులో బలవంతంగా ఏదో ఒకటి చేయించడం కూడా ఉంది. ఇలాంటివి తమ దగ్గర ఉన్నాయేమో మూడు నెలల్లో ఎవరికి వారు తనిఖీ చేసుకోవాలని 2025 జూన్‌లో ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీలకు చెప్పారు. యాప్‌లో తప్పయింది కౌంటర్లో ఒప్పవుతుందా? పైగా యాప్‌లో ఆర్డర్ పెడితే సరుకు ఇంటికి తెచ్చే కుర్రాడికి నంబర్ కావాలి, అది అర్థమవుతుంది. సంచీ చేత్తో పట్టుకుని ఇంటికి నడిచి వెళ్లే మనిషి నంబర్ ఎందుకు?

వినియోగదారుల ఫిర్యాదులకు 1915 హెల్ప్‌లైన్ ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. మంచి ఏర్పాటే. కానీ వెనక పది మంది నిలబడి ఉంటే, అక్కడే ఫోన్ తీసి ఫిర్యాదు చేసేవాళ్లు ఎంతమంది ఉంటారు?

అందుకే అడుగుతున్నాను. సూచనతో ఆగకుండా దీన్ని నిబంధన చేయండి. బిల్లింగ్ స్క్రీన్ మీద 'నంబర్ వద్దు' అనే బటన్ ఉండాలి. "ఫోన్ నంబర్ ఇవ్వాల్సిన అవసరం లేదు" అని ప్రతి కౌంటర్ దగ్గర తెలుగులో, పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించండి. పాయింట్లు కావాలనుకున్నవాళ్లు వాళ్లే చెబుతారు. తూకాలు చూడడానికి వచ్చే తూనికలు కొలతల శాఖ అధికారులు కౌంటర్ దగ్గర కూడా ఒక్క నిమిషం నిలబడి చూసేలా రాష్ట్రాలకు రాయండి. ఇన్నేళ్లుగా తీసుకున్న నంబర్లను, ఎవరైనా అడిగితే అక్కడికక్కడే తీసేయాలని కూడా చెప్పండి. మొదట మా అమ్మ నంబరే తీసేయమని అడుగుతాను.

ఇట్లు,
ఖమ్మం నుంచి ఒక వినియోగదారుడు