మా నాన్నగారి పద్మిని కారు పెయింటుకు మీ అనంతపురం శాఖలో జరిగిన నష్టంపై ఫిర్యాదు

అనంతపురం,
9-6-2025.

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,
ప్రధాన కార్యాలయం, బెంగళూరు.

విషయం: 1991 నాటి ప్రీమియర్ పద్మిని కారుకు చేసిన పాలిష్, కోటింగ్ పనిలో సేవాలోపం, నష్టపరిహారం గురించి.

అయ్యా,

మే 19వ తేదీన మా కారును మీ అనంతపురం శాఖకు అప్పగించి, 24వ తేదీ రాత్రి తిరిగి తీసుకున్నాను. పనికి 18,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ 3,240 రూపాయలు, మొత్తం 21,240 రూపాయలు చెల్లించాను. రసీదు, జాబ్ కార్డు నకలు, పనికి ముందూ తరువాతా తీసిన ఫొటోలు ఈ లేఖకు జతచేశాను. శాఖకు రెండుసార్లు స్వయంగా వెళ్లి అడిగినా సరైన సమాధానం రానందున నేరుగా మీకు రాస్తున్నాను.

ఈ కారును మా నాన్నగారు 1991లో కొత్తగా కొన్నారు. రంగు ముదురు నీలం. కుడివైపు ముందు మడ్‌గార్డు ఒక్కటి మినహా, 34 ఏళ్లుగా దీనిమీద ఉన్నది కంపెనీలో వేసిన పెయింటే. అనంతపురం ఎండకూ దుమ్ముకూ, సున్నం ఎక్కువగా ఉండే బోరు నీళ్లతో చేసిన కడుగుళ్లకూ బానెట్, పైకప్పు బాగా తెల్లబారాయి. చేత్తో రాస్తే అరచేతికి నీలం పొడి అంటేది. అయినా పెయింటు చచ్చిపోలేదని నాకు తెలుసు. మీ దగ్గరకు తీసుకురావడానికి ముందు డిక్కీ తలుపు కింది అంచుకు పైన జానెడు మేర నూనెపాలు ఎక్కువగా ఉన్న మెత్తటి పాలిష్‌ను గుడ్డతో పట్టించి, ఒక రాత్రి అలాగే ఉంచి, మరునాడు నెమ్మదిగా రుద్ది చూశాను. అక్కడ కొత్త కారునాటి నీలం తేలింది. ఆ చోటును మీ శాఖ సూపర్‌వైజర్ గారికి చూపించి, బండి అంతా ఈ మాత్రం వస్తే చాలునని, అద్దంలా మెరవనక్కర్లేదని చెప్పాను.

ఇప్పటి కార్లకు రంగు మీద పారదర్శకమైన క్లియర్ కోటు ఉంటుంది కాబట్టి పాలిష్ పట్టినప్పుడు అరిగేది ఆ పై పొరే, కింది రంగు జోలికి పాలిష్ మెషిన్‌కు తొడిగే ప్యాడు పోదు. మా కారుకు ఆ పొర లేదు. రంగే పై పొర, అరిగేది కూడా రంగే. అందువల్ల ప్యాడుకు కొంత నీలం అంటుకోవడం సహజమని నేనూ ఒప్పుకుంటాను. కానీ ప్యాడు మీద ప్యాడు నిండిపోతూ ఉంటే మెషిన్ ఆపి చూడవలసిన బాధ్యత పనివారిదే. పైగా తలుపుల అంచుల్లోనూ, బానెట్ మీది గీతల్లోనూ పెయింటు మొదటినుంచీ పలుచగానే నిలుస్తుంది. అక్కడ మెషిన్ ఒకే చోట కాసేపు తిరిగితే వేడికి, రాపిడికి రంగు కింద వేసే ప్రైమర్ పూత బయటపడుతుంది. ఇది ఈ వృత్తిలో ఉన్న ఎవరికైనా మొదట నేర్పే విషయమే.

ఈ కారణాలతోనే జాబ్ కార్డులో మూడు షరతులు రాయించాను, వాటి కింద సూపర్‌వైజర్ గారి సంతకం ఉంది. ఉన్ని ప్యాడు, ముతక కాంపౌండ్ (పెయింటును అరగదీసే గరుకు ముద్ద) వాడకూడదు. అంచులకు టేపు వేయాలి. డ్రైవర్ వైపు కిటికీ కింది అంచును మెషిన్‌తో ముట్టుకోకూడదు. ఈ మూడవది ఎందుకు రాయించానో చెప్పవలసి ఉంది. నాన్నగారు బండి నడిపేటప్పుడు కుడి మోచేయి ఎప్పుడూ ఆ అంచు మీదే ఆనించేవారు. తాడిపత్రికి, గుత్తికి, ఏడాదికొకసారి తిరుమలకు ఆయన నడిపిన దారంతా ఆ చోటనే పెయింటును కొద్దికొద్దిగా అరగదీసి, అరచేయంత మేర నున్నగా, పలుచగా చేసింది. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆ మచ్చను మెరిపించమని నేను అడగలేదు, వదిలేయమని అడిగాను.

24వ తేదీ రాత్రి షెడ్డులో ట్యూబులైట్ల కింద బండి బ్రహ్మాండంగా కనిపించింది. మరునాడు ఉదయం ఎండలోకి తీసేసరికి బానెట్ నిండా, డిక్కీ నిండా మెషిన్ తిరిగిన సుడులు వంకీలు వంకీలుగా తేలాయి. డ్రైవర్ కిటికీ కింద నేను వద్దన్న చోట నీలం వేరుగా ఉంది. దగ్గరగా చూస్తే అది బ్రష్‌తో దిద్దిన టచప్ పెయింటు. దాని గట్టు గోటికి తగులుతోంది, అంచున బూడిదరంగు ప్రైమర్ సన్నని గీతలా కనిపిస్తోంది. ఎడమవైపు వెనక మడ్‌గార్డు మడతలోనూ ఇదే తీరు. కారు అప్పగించేటప్పుడు ఈ రెండు చోట్ల గురించి నాకు ఒక్క మాట చెప్పలేదు. పొరపాటు జరిగిందని ఆ రాత్రే చెప్పి ఉంటే ఈ లేఖ స్వరం వేరుగా ఉండేది.

మే 19న మీ మీటరుతోనే కొలిచి జాబ్ కార్డులో రాసిన లెక్క ప్రకారం బానెట్ మధ్యలో పెయింటు మందం 118 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఇప్పుడు అదే చోట మరొక గ్యారేజీలో కొలిపిస్తే 84 వచ్చింది. మీటరు చూపేది రేకు మీద ఉన్న ప్రైమర్‌తో కలిపిన మొత్తం మందమని మీకు తెలియనిది కాదు. అంటే పోయిన 34 మైక్రాన్లూ పైనున్న అసలు నీలమే, మిగిలిన దానిలో నీలం ఎంతో ఊహించడానికే భయంగా ఉంది. మెత్తటి ఫోమ్ ప్యాడుతో, సన్న పాలిష్‌తో ఇంత అరగదు.

దీనికి తోడు, జాబ్ కార్డులో చివరి మెరుగుకు మైనపు పాలిష్ అని మాత్రమే ఉండగా, నన్ను అడగకుండా సిరామిక్ కోటింగ్ వేసి, దాన్ని ఉచిత కానుకగా రసీదులో చూపించారు. మైనమైతే కొన్ని నెలలకు దానంతట అదే పోతుంది, లేదా తుడిచి తీయవచ్చు. సిరామిక్ కోటింగ్ గట్టిపడిన తరువాత మళ్లీ రాపిడి పెట్టి తీయవలసిందే. సుడులు ఆ కోటింగ్ కింద ఉండిపోయాయి. వాటిని తీయాలంటే కోటింగ్ తీయాలి, కోటింగ్ తీయాలంటే ఇప్పటికే పలుచబడిన నీలాన్ని ఇంకా అరగదీయాలి. ఈ ఇరకాటంలోకి నన్ను నెట్టినది మీరు ఇచ్చిన కానుకే.

వెనక బంపర్‌కు, నాలుగు వీల్ క్యాపులకు చక్రాలు శుభ్రం చేసే యాసిడ్ ద్రావకం కొట్టి ఆరనిచ్చారు. క్రోమ్ మీద పాలమరకల వంటి తెల్లటి మచ్చలు పడ్డాయి, బంపర్ అంచున నికెల్ పొర పసుపుగా కనిపిస్తోంది. అద్దాల చుట్టూ ఉన్న రబ్బరు బీడింగుల్లో కాంపౌండ్ ఎండి తెల్లగా గట్టిపడింది.

నేను మొదటిసారి శాఖకు వెళ్లినప్పుడు ‘పాత బండి కదా సార్, ఇలాగే ఉంటుంది’ అన్నారు. రెండవసారి, బండి మొత్తానికి ఉచితంగా కొత్త పెయింటు వేసిస్తామన్నారు. ఆ మాట వారు మంచి మనసుతోనే అన్నారని నమ్ముతాను, అయినా దానిని నేను పరిహారంగా స్వీకరించలేను. కాపాడమని ఇచ్చిన పెయింటులో మిగిలినదాన్ని కూడా వాటర్ పేపర్‌తో గీకివేసి, మీకు తోచిన నీలం వేయడానికి ఒప్పుకుంటే నేను మీ దగ్గరకు వచ్చిన పనికే అర్థం ఉండదు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(11) ప్రకారం నిర్లక్ష్యంతో నష్టం కలిగించడమే గాక, సంబంధిత సమాచారాన్ని తెలిసి దాచడం కూడా సేవాలోపమే. కాబట్టి నేను చెల్లించిన 21,240 రూపాయలు తిరిగి ఇవ్వాలని, బంపర్‌కు, వీల్ క్యాపులకు మళ్లీ క్రోమ్ పూత వేయించే ఖర్చును, రెండు అద్దాల బీడింగుల ఖర్చును జతచేసిన ఎస్టిమేట్ల మేరకు భరించాలని కోరుతున్నాను.

డబ్బు కంటే ముందుగా నాకు కావలసింది ఒక కాగితం. ఏ కాంపౌండ్, ఏ ప్యాడు వాడారు, వేసిన కోటింగ్ పేరేమిటి, టచప్ పెయింటు ఏ రకం, ఎన్ని చోట్ల వేశారు అన్నది మీ సంస్థ ముద్రతో రాసి ఇవ్వండి. పాలిష్‌లో గానీ కోటింగ్‌లో గానీ సిలికాన్ ఉంటే, దాని మీద తెలియక పెయింటు వేస్తే అది నిలవక చేపకళ్లలా గుంటలు పడుతుంది. కిటికీ అంచున ప్రైమర్ తేలిన ఆ అరచేయంత చోటును బాగుచేయబోయే పెయింటర్‌కు ఈ వివరాలు తెలియకపోతే రెండవ నష్టం జరుగుతుంది.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా లిఖితపూర్వకంగా సమాధానం ఇవ్వగలరు. రాని పక్షంలో అదే చట్టంలోని సెక్షన్ 34 నా నివాస స్థలంలోనే ఫిర్యాదు చేసే హక్కు ఇస్తున్నందున అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. అంతవరకు కారును ఇప్పుడున్న స్థితిలోనే, ఏ పనీ చేయించకుండా, షెడ్డులో ఉంచుతున్నాను. మీ ప్రధాన కార్యాలయం నుంచి ఎవరైనా వచ్చి చూడదలిస్తే ముందురోజు తెలియజేస్తే చాలు. ఉదయం ఎనిమిది లోపు రావాలని మనవి, ఆ వేళ ఏటవాలు ఎండలో సుడులు, టచప్ అంచులు స్పష్టంగా కనిపిస్తాయి.

ఇట్లు,
కారు యజమాని,
అనంతపురం.

జతపరచినవి: రసీదు, జాబ్ కార్డు నకలు, ఫొటోలు, రెండు ఎస్టిమేట్లు.