షుగర్ ఎగుడుదిగుడైతే తప్పంతా నోటిదేనా?

సంపాదకులకు నమస్కారం.

ఆరోగ్య పేజీల్లో మధుమేహం గురించి రాసినప్పుడల్లా రెండు రకాలే కనిపిస్తాయి. పిల్లలకొస్తే టైప్ 1, పెద్దలకొస్తే టైప్ 2. ఈ లెక్కలో ఇమడనివాళ్లు కొందరున్నారు. సాధారణంగా ముప్ఫై దాటాక, ఒంట్లోని రోగనిరోధక శక్తే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల మీద పడి వాటిని మెల్లమెల్లగా తినేస్తుంది. 1993లో దీనికి లాడా అని పేరు పెట్టారు. వాడుకలో టైప్ 1.5 అనీ అంటారు. మొదట్లో కనీసం ఆరు నెలలు, కొందరిలో కొన్నేళ్లు ఇన్సులిన్ లేకుండానే నెట్టుకురావచ్చు. అందుకే చీటీ మీద టైప్ 2 అని పడిపోతుంది. తర్వాత షుగర్ చేయి దాటితే, నోరు కట్టుకోవడం లేదన్న మాట రోగి పడాల్సి వస్తుంది. ఆ మాట చాలాసార్లు అన్యాయం.

ముందు రోగం ఏ రకమో తేలాలి. మనిషి సన్నగా ఉండటం, కారణం లేకుండా బరువు తగ్గడం, తనకో ఇంట్లోవాళ్లకో థైరాయిడ్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బు (ఒంటి రోగనిరోధక శక్తే ఒంటి మీద పడేది) ఉండటం, మాత్రలు పెంచుతున్నా షుగర్ లొంగకపోవడం... వీటిలో ఏది కనిపించినా గ్యాడ్ యాంటీబాడీ పరీక్ష (బీటా కణాల మీద దాడికి గుర్తులు రక్తంలో ఉన్నాయేమో చూసేది) అడగాలి. అది నెగటివ్ వచ్చినా అనుమానం పోకపోతే ఐఏ-2, జింక్ ట్రాన్స్‌పోర్టర్ 8 యాంటీబాడీలు కూడా చూస్తారు. క్లోమం ఇంకా ఎంత ఇన్సులిన్ తయారుచేస్తోందో సి-పెప్టైడ్ అనే రక్తపరీక్ష చెబుతుంది. దాన్ని ఒంటరిగా చూస్తే మోసపోతాం. అదే రక్తంలో గ్లూకోజ్ కూడా కొలవాలి, ఎందుకంటే షుగర్ తక్కువున్న వేళ సి-పెప్టైడ్ దానంతటదే తగ్గుతుంది. వారాల తరబడి షుగర్ బాగా ఎక్కువున్నా బీటా కణాలు సొమ్మసిల్లి అంకె తాత్కాలికంగా పడిపోతుంది.

2020లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఇచ్చిన సూచనల ప్రకారం సి-పెప్టైడ్ లీటరుకు 0.3 నానోమోల్ కన్నా తక్కువుంటే టైప్ 1లాగే ఇన్సులిన్ వైద్యం చేయాలి. 0.3 నుంచి 0.7 మధ్య ఉంటే మిగతా మందులూ ఆలోచించవచ్చు, కానీ ఆరు నెలలకోసారి మళ్లీ కొలవాలి. 0.7 దాటితే ప్రస్తుతానికి టైప్ 2 పద్ధతి చాలు, పరీక్ష మాత్రం మళ్లీ చేయించుకుంటూ ఉండాలి. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు లాడాకు తగవని ఆ బృందం చెప్పింది. అవి అసలే అలసిన కణాలను అదిలించి పని చేయించే రకం. షుగర్‌ను మూత్రంలోకి పంపేసే మాత్రలు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్‌లతో ప్రమాదం మరోలా ఉంటుంది. ఇన్సులిన్ చాలని మనిషికి ఇవి ఇస్తే షుగర్ 200 కూడా దాటకుండానే రక్తం ఆమ్లమయం కావచ్చు. అంకె బాగుంది కదా అని వాంతులను, ఆయాసాన్ని పట్టించుకోకపోవడమే అక్కడ కొంప ముంచేది. అలాగని ఇది చదివి మాత్రలు సొంతంగా ఆపవద్దు, డాక్టరును అడగండి.

ఇక ఇన్సులిన్ మొదలయ్యాక వచ్చే అసలు తలనొప్పి. 60 గ్రాముల పిండిపదార్థమున్న భోజనం, అవే యూనిట్ల ఇన్సులిన్. రెండు గంటల తర్వాత ఒకరోజు 140, మర్నాడు 230. బతికున్న కొద్ది కణాలు ఒకరోజు సాయం చేస్తాయి, మరోరోజు చేయవు. అది మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్న కారణాలను మాత్రం ఒక్కొక్కటిగా ఏరివేయవచ్చు.

మొదట వెతకాల్సింది సూది గుచ్చే చోట. ఒకేచోట గుచ్చుతూ పోతే చర్మం కింద కొవ్వు గడ్డకడుతుంది. కంటికి కనిపించకపోవచ్చు. వేళ్లకు కొంచెం సబ్బునీళ్లు రాసుకుని పొట్ట మీద, తొడల మీద గట్టిగా జార్చి చూస్తే రబ్బరు ముక్కలాంటి మందం తగులుతుంది. అక్కడ గుచ్చితే నొప్పి తెలియదు, అందుకే చెయ్యి అక్కడికే పోతుంది. కానీ ఆ గడ్డలోంచి ఇన్సులిన్ ఒకరోజు ఆలస్యంగా, మరోరోజు సగమే రక్తంలోకి చేరుతుంది. చోటు మార్చాల్సిందే. అయితే మంచి చర్మంలో మందు పూర్తిగా పనిచేస్తుంది కాబట్టి పాత మోతాదే వేస్తే షుగర్ దబ్బున పడిపోతుంది. మార్చే ముందే ఎంత తగ్గించాలో డాక్టరును అడగాలి. గుచ్చిన చోటుకూ మళ్లీ గుచ్చే చోటుకూ ఒక వేలి వెడల్పంత ఎడం ఉండాలి. చాలామందికి 4 మిల్లీమీటర్ల సూది సరిపోతుంది. ఇన్సులిన్ పెన్నుకు ప్రతిసారీ కొత్త సూది వేసి, 2 యూనిట్లు గాలిలోకి వదిలి చుక్క కనిపించాకే మోతాదు తిప్పాలి. మీట పూర్తిగా నొక్కాక పది అంకెలు లెక్కపెట్టి బయటికి తీయాలి. వెంటనే లాగేస్తే సూది కొసన చుక్క వేలాడుతుంది. ఆ చుక్క మీ మోతాదులోదే.

రెండోది తొందరపాటు. రోజంతా కలిపి 36 యూనిట్లు వాడే మనిషిని తీసుకోండి. వాడుకలో ఉన్న లెక్క ప్రకారం 1800ని 36తో భాగిస్తే 50. అంటే ఒక యూనిట్ సుమారు 50 పాయింట్లు దించుతుంది. 500ని 36తో భాగిస్తే దాదాపు 14. ఒక యూనిట్‌కు అన్ని గ్రాముల పిండిపదార్థం. ఇవి మొదలుపెట్టడానికి పనికొచ్చే అంచనాలే, శాసనాలు కావు. ఆ మనిషికి రాత్రి భోజనమైన రెండు గంటలకు షుగర్ 260 ఉంది. 120కి దించాలని 3 యూనిట్లు వేశారు. గంటకు చూస్తే 240. పని చేయలేదని మరో 3 వేశారు. అర్ధరాత్రికి 55, ఒళ్లంతా చెమటలు. త్వరగా పనిచేసే ఇన్సులిన్ పది పదిహేను నిమిషాల్లో మొదలై, గంట రెండు గంటల్లో ఉధృతమై, నాలుగైదు గంటల దాకా లాగుతుంది. గంటకే అది పని ముగించదు. నిజానికి భోజనానికి వేసిన మందే ఇంకా ఒంట్లో ఉంది కాబట్టి మొదటి 3 యూనిట్లు కూడా ఎక్కువే. దిద్దే మోతాదుల మధ్య కనీసం నాలుగు గంటలు ఆగడం మేలు.

షుగర్ 70 కన్నా తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. అప్పటికీ తక్కువే ఉంటే మళ్లీ 15 గ్రాములు. చాక్లెట్ పనికిరాదు, దానిలోని కొవ్వు చక్కెరను ఆలస్యం చేస్తుంది. స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పోయకూడదు.

పొద్దున్న పరగడుపు అంకె ఎక్కువుంటే రాత్రి ఇన్సులిన్ పెంచేయడం మరో పొరపాటు. రెండు మూడు రాత్రులు పడుకునే ముందు, మూడు గంటలకు, లేచాక చూడండి. 130, 125, 190 వస్తే తెల్లవారుజామున విడుదలయ్యే హార్మోన్ల పని అది. మూడింటికి 60 ఉంటే ఇన్సులిన్ ఇప్పటికే ఎక్కువవుతోంది, పెంచితే ముప్పు. రాత్రంతా ఎక్కుతూనే పోతే రాత్రి మోతాదు చాలడం లేదన్నా అయ్యుండాలి, నూనె పదార్థాలు ఎక్కువైన భోజనం ఆలస్యంగా అరుగుతోందన్నా అయ్యుండాలి. దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ మార్చాక దాని ఫలితం తేలడానికి కనీసం మూడు రోజులు పడుతుంది. రోజుకో మార్పు చేస్తే ఏ అంకె దేనివల్ల వచ్చిందో ఎవరికీ అర్థం కాదు.

వ్యాయామం కూడా ఒక్కలా ఉండదు. నడక షుగర్‌ను దించుతుంది. బరువులెత్తడం, వేగంగా పరుగెత్తడం కాసేపు పెంచి, ఆ రాత్రి నిద్రలో దించవచ్చు. వేలికి పండ్లరసం అంటి ఉన్నా మీటరు తప్పు చూపిస్తుంది, కడిగి తుడుచుకోవాలి. చేతికి అతికించే సెన్సార్ చూపేది రక్తంలోని అంకె కాదు, కణాల మధ్య ద్రవంలోది. షుగర్ త్వరత్వరగా మారేటప్పుడు అది కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. దాని మీద ఒత్తిగిలి పడుకుంటే లేని తగ్గుదల చూపించి నిద్ర లేపుతుంది. అలాంటప్పుడు వేలి రక్తంతో సరిచూసుకోవాలి.

మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష మీద మోజు కాస్త తగ్గించుకోవాలి. హెచ్‌బీఏ1సీ 7 అంటే సగటు 154. 120-190 మధ్య తిరిగే మనిషికీ, 50-300 మధ్య ఊగే మనిషికీ అదే 7 రావచ్చు. సెన్సార్ వాడేవాళ్లలో చాలామందికి 70-180 మధ్య గడిపే సమయం 70 శాతం దాటడం, 70 కన్నా తక్కువలో గడిపేది 4 శాతం మించకపోవడం లక్ష్యం.

జ్వరమొచ్చి తినలేకపోయినా దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ మానకూడదు. జ్వరమే షుగర్‌ను పెంచుతుంది. రెండు నుంచి నాలుగు గంటలకోసారి షుగర్, దానితో పాటు కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు ఒళ్లు కొవ్వును కరిగిస్తే పుట్టే ఆమ్లాలు) చూడాలి. రక్త కీటోన్లు లీటరుకు 0.6 మిల్లీమోల్ లోపు మామూలు, 1.5 దాటితే వెంటనే డాక్టరుతో మాట్లాడాలి, 3 చేరితే నేరుగా అత్యవసర విభాగానికే వెళ్లాలి.

మీ ఆరోగ్య పేజీకి ఒక్క విన్నపం. ఈసారి టైప్ 2 మీద వ్యాసం వేసినప్పుడు, 'మాత్రలకు లొంగకపోతే గ్యాడ్, సి-పెప్టైడ్ పరీక్షల గురించి అడగండి' అన్న వాక్యం చివర్లో కాకుండా మొదటి పేరాలోనే వేయండి.

ఇట్లు,
ఇన్సులిన్ వాడకం నేర్పే పనిలో ఉన్న ఒక పాఠకురాలు