ఉమ్మడి కార్ల కర్మాగారాల ఒప్పందాల్లో వీడ్కోలు షరతులూ ఉండాలి

సంపాదకులకు,

వేర్వేరు దేశాల ప్రత్యర్థి కార్ల కంపెనీలు కలిసి కర్మాగారం పెట్టుకుంటామని అనుమతి కోరినప్పుడు, భాగస్వాముల్లో ఒకరు తప్పుకుంటే అక్కడి కార్మికుల గతి ఏమిటన్నది కూడా అనుమతి పత్రంలోనే రాయించాలని పోటీ నియంత్రణ సంస్థలను, ప్రభుత్వాలను కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

జనరల్ మోటార్స్, టొయోటా కలిసి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో నడిపిన 'నుమ్మి' కర్మాగారం చరిత్రే నా చేత ఈ మాట అనిపిస్తోంది. 1984లో అమెరికా పోటీ నియంత్రణ సంస్థ అయిన ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌లో ముగ్గురు సభ్యులు అవునని, ఇద్దరు కాదని అన్నాక దానికి అనుమతి దక్కింది. జనరల్ మోటార్స్‌కు ఏడాదికి సుమారు 2,50,000 కార్లకు మించి తయారుచేసి ఇవ్వకూడదని, ఒప్పందం 12 ఏళ్లు దాటకూడదని, ధరలు, ఖర్చుల రహస్యాలు ఒకరికొకరు చెప్పుకోకూడదని కమిషన్ షరతులు పెట్టింది. కొనుగోలుదారును కాపాడే ఆ జాగ్రత్త సరైనదే; 1993లో ఆ షరతుల ఉత్తర్వును ఎత్తివేశారు.

ఆ కలయిక మేలు చేయలేదని నేను అనను. 1982లో జనరల్ మోటార్స్ మూసేసిన కర్మాగారమే అది. పాత కార్మికుల్లో చాలామందిని అదే యూనియన్‌తో తిరిగి తీసుకున్నారు. లోపం కనబడితే తాడు లాగి లైన్ మొత్తాన్ని ఆపే అధికారం మామూలు కార్మికుడికి ఇచ్చారు. పనికిరారని ముద్ర పడినవాళ్లే నాణ్యమైన కార్లు తయారుచేశారు. అమెరికాలో పని నడిపించడం నేర్చుకున్న టొయోటా 1988 నాటికి కెంటకీలో సొంత కర్మాగారం నడపసాగింది.

ఇంత చేసిన కార్మికులకు చివర దక్కిందేమిటి? 2009లో దివాలాకు వెళ్లిన జనరల్ మోటార్స్ తప్పుకుంది. 2010 ఏప్రిల్‌లో టొయోటా ఉత్పత్తి ఆపేసింది. సుమారు 4,700 మంది ఉపాధి పోయింది. చెక్ రిపబ్లిక్‌లోని కొలీన్‌లో మాత్రం, ప్యూజో-సిట్రోయెన్‌తో కలిసి 2005 నుంచి నడిపిన కర్మాగారాన్ని టొయోటా 2021లో పూర్తిగా తన చేతిలోకి తీసుకుంది, పని ఆగలేదు.

దివాలా తీసిన కంపెనీని బలవంతంగా నిలపలేమన్నది నిజమే. కానీ తప్పుకునే ముందు ఇవ్వవలసిన గడువు, మిగిలిన భాగస్వామి బాధ్యత, మొదటి ఏడాది నుంచే రెండు కంపెనీలూ విడిగా జమచేయవలసిన కార్మికుల పరిహార నిధి, ఈ మూడూ అనుమతి ఉత్తర్వులో ఉండాలి. ఆ ఉత్తర్వు కార్మికులు చదువుకోగలిగేలా బహిరంగంగా ప్రకటించాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు