ఆ వానలో మా అమ్మను నాంపల్లి చేర్చినవారికి

గత శనివారం మధ్యాహ్నం చార్మినార్ దగ్గర కుండపోత వానలో చిక్కుకున్న మా ముగ్గురినీ, అంటే డెబ్బై నాలుగేళ్ల మా అమ్మను, తొమ్మిదేళ్ల మా అమ్మాయిని, నన్ను, సాయంత్రం రైలు వేళకు నాంపల్లి స్టేషన్‌కు చేర్చిన నలుగురికి నేను రుణపడి ఉన్నాను. వారిలో ఒక్కరి పేరు కూడా నాకు తెలియదు. ఆ కంగారులో పేరు అడగాలన్న ధ్యాసే లేకపోయింది. ఆ వెలితి వారం రోజులుగా నన్ను బాధిస్తూనే ఉంది. ఇది చదివినవారు ఎవరైనా వారిని గుర్తుపడితే నా కృతజ్ఞతలను వారికి చేరవేయవలసిందిగా కోరుతున్నాను.

మేము రాజమహేంద్రవరం నుంచి నాలుగు రోజుల కోసం హైదరాబాద్ వచ్చాము. నాలుగు రోజులూ వానే. గోల్కొండలో సాయంత్రం ప్రదర్శన జరగలేదు, హుస్సేన్ సాగర్‌లో పడవలు ఆపివేయడంతో బుద్ధ విగ్రహానికి ఒడ్డు నుంచే దణ్ణం పెట్టుకున్నాము. అయితే అమ్మ మనసులో ఉన్న కోరిక ఒక్కటే. సాలార్‌జంగ్ మ్యూజియంలోని గడియారం పన్నెండు గంటలు కొట్టడం చూడాలి. పెళ్లికి ముందు ఉద్యోగ పరీక్షకు వెళ్లి దాన్ని చూసి వచ్చిన మా నాన్నగారు, ఆ ముచ్చట జీవితాంతం చెబుతూనే ఉండేవారు. అందుకే చివరి రోజు ఉదయాన్ని దానికే ఉంచుకున్నాము. గడియారంలోని కమ్మరివాడు క్షణానికొక దెబ్బ వేస్తూ ఉండగా, గంట కొట్టే వేళకు గడ్డపు బొమ్మ ఒకటి తలుపు తీసుకుని బయటికి వచ్చి నిలబడింది. హాలంతా నిశ్శబ్దమైపోయింది. పన్నెండో గంట మోగేవరకు అమ్మ వేళ్ల కణుపుల మీద లెక్కపెడుతూనే ఉంది.

అక్కడి నుంచి లాడ్ బజార్‌కు వెళ్లాము. 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) పొందిన లక్క గాజులు తయారయ్యే చోటు అదే. ఒక చిన్న దుకాణంలో అమ్మాయికి గాజులు చూస్తూ ఉండగా, ఒంటిగంటన్నర ప్రాంతంలో మొదలైన వాన అరగంటలో వీధిని కాలువ చేసింది. నీరు దుకాణం రెండో మెట్టు ఎక్కింది. ఆ దుకాణదారు షట్టర్ సగం దించి, తాను కూర్చునే ఎత్తుపీటను అమ్మకు వేసి, "వాన తగ్గేదాకా ఇక్కడనే కూర్చో అమ్మా, ఇది నీ ఇల్లే అనుకో" అన్నారు. గంటన్నరసేపు మేము అక్కడే ఉన్నాము. పక్క హోటల్ నుంచి మూడు కప్పుల చాయ్ తెప్పించారు. అమ్మ చేతికి గాజు బిగుతుగా ఉందని గమనించి, దాన్ని సెగకు చూపి, మెత్తబడిన లక్కను బొటనవేలితో నిదానంగా సాగదీసి, పొదిగిన రాళ్లు ఒక్కటీ కదలకుండా సరిచేసి, చల్లారాక తొడిగారు. ఆ పనికి విడిగా డబ్బు తీసుకోలేదు.

మూడు దాటినా వాన పూర్తిగా తగ్గలేదు. ఫోన్‌లో బుక్ చేసిన రెండు క్యాబులూ రద్దయ్యాయి. గోదావరి ఎక్స్‌ప్రెస్ నాంపల్లిలో అయిదు గంటల ప్రాంతంలో బయలుదేరుతుంది. మా ఆందోళన చూసి ఆ దుకాణదారు తన గొడుగు మా చేతికిచ్చి, పత్తర్‌గట్టి మీదుగా మదీనా చౌరస్తా వరకు ఎలా వెళ్లాలో చెప్పారు.

గుల్జార్ హౌజ్ దాటాక జరిగినదాన్ని నేను మరిచిపోలేను. మోకాలి లోతు నీటిలో, పసుపుపచ్చ రెయిన్‌కోటు వేసుకున్న పారిశుద్ధ్య కార్మికుడు ఒకరు, ఎర్ర గుడ్డ కట్టిన వెదురు కర్ర పట్టుకుని కదలకుండా నిలబడి ఉన్నారు. నీరు దిగడానికి తెరిచిన మ్యాన్‌హోల్ ఆయన పక్కనే ఉందట. మాకు కనిపించింది మాత్రం అంతటా ఒకే రంగు బురదనీరు. 1986 గోదావరి వరదను కళ్లారా చూసిన మా అమ్మ ఆ నీటి ముందు అడుగు వేయలేకపోయింది. "గోదారి ఎటు పోతోందో కంటికి తెలుస్తుందే అమ్మాయ్, దీని కింద ఏముందో ఎవరికి తెలుసు?" అంది. ఆ మాట ఆయన విన్నారు. తోటి కార్మికుణ్ణి పిలిచి కర్ర అతని చేతికిచ్చి, అమ్మ చేయి పట్టుకుని, "నేను కాలు వెట్టిన కాడనే కాలు వెట్టు అమ్మా" అంటూ అడుగులో అడుగు వేయించి గట్టు మీదికి చేర్చారు. తిరిగి వచ్చి మా అమ్మాయిని ఎత్తుకుని దాటించారు. నేను నమస్కారం పెట్టేలోపే వెనుదిరిగి కర్ర అందుకుని, మళ్లీ అదే చోట నిలబడ్డారు. ఆ మధ్యాహ్నమంతా ఎంతమందిని ఆ గుంట నుంచి తప్పించారో ఆయనకే తెలియాలి.

మదీనా దగ్గర దొరికిన ఆటో అన్న మా మాట పూర్తిగా విని, కిరాయి ఎక్కువ వచ్చే దారిని తానే వద్దన్నారు. "నాంపల్లికి ఆటోల పోతే ఆరైతది మేడం. ఎంజీబీఎస్‌ల మెట్రో ఎక్కుండ్రి, మూడో స్టేషనే నాంపల్లి" అని నయాపూల్ వంతెన దాటించి, అఫ్జల్‌గంజ్ నుంచి ఆ ఎంజీబీఎస్, అంటే మహాత్మాగాంధీ బస్ స్టేషన్ ఉన్న గౌలిగూడ వైపు తిప్పారు. వంతెన మీద వాహనాలు ఆగినప్పుడు, ఎర్రగా పారుతున్న మూసీని చూసి బిక్కుబిక్కుమంటున్న మా అమ్మాయికి, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు సంగతి చెప్పారు. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరిని ముంచెత్తినప్పుడు దాదాపు నూట యాభై మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. కొమ్మల మీద రాత్రంతా ఎలా కూర్చున్నారని అమ్మాయి ప్రశ్నలు వేస్తూ ఉండగానే స్టేషన్ వచ్చింది. మీటరు మీద ఒక్క రూపాయి కూడా ఎక్కువ తీసుకోలేదు.

రెండు మార్గాలు కలిసే ఆ మెట్రో స్టేషన్‌లో ఏ రైలు ఏ అంతస్తులోనో తెలియక తడబడుతున్న మమ్మల్ని, అక్కడి భద్రతా ఉద్యోగిని ఒకామె లిఫ్టులో స్వయంగా ప్లాట్‌ఫారం వరకు తీసుకువెళ్లి, అమ్మకు సీటు ఇప్పించి మరీ దిగారు. నాలుగున్నరకు లాడ్జిలో సామాను తీసుకుని స్టేషన్‌లో ఉన్నాము. రైలు కదిలాక అమ్మ మొదట తడిమి చూసుకున్నది చేతి గాజునే. రాళ్లన్నీ ఉన్నాయి.

గాజుల దుకాణదారు గారికి ప్రత్యేకంగా ఒక మాట. మీ గొడుగు మా ఇంటి వసారాలో భద్రంగా ఉంది. దసరా సెలవులకు మా తమ్ముడు హైదరాబాద్ వస్తున్నాడు. చార్మినార్ వైపు నుంచి వస్తే ఎడమచేతి వరుసలో, పచ్చ తలుపుల దుకాణం అని ఆనవాలు రాసి ఇచ్చాను. గొడుగుతో పాటు అమ్మ పంపుతున్న ఆత్రేయపురం పూతరేకులు కూడా తెస్తాడు, దయచేసి కాదనకండి.