2025–26 వార్షిక నివేదిక: సైబర్ రక్షణ కొనేవారిని తెలుసుకునే ప్రయత్నం

గౌరవనీయులైన సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

శ్రీకాకుళం, ఆమదాలవలస, టెక్కలి, పలాస ప్రాంతాల్లో కంప్యూటర్ల అమ్మకం, మరమ్మతు, నెట్‌వర్క్, సీసీ కెమెరాల పనులు చేసుకునే మనవారూ, 2022లో జిల్లాల పునర్విభజనతో విజయనగరం వైపు వెళ్లినా సంఘాన్ని వదలని రాజాం సభ్యులూ కలిసి నడుపుకుంటున్న ఈ సంఘం, 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు చేసిన పనులను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాం.

క్రిందటి సర్వసభ్య సమావేశంలో ఎక్కువమంది సభ్యులు చెప్పుకున్న బాధ ఒక్కటే. యాంటీవైరస్ కీలు తప్ప రక్షణకు సంబంధించిన సరుకేదీ కదలడం లేదని, ఫైర్‌వాల్‌కో (బయటి నుంచి నెట్‌వర్క్‌లోకి వచ్చే దాడులను అడ్డుకునే పరికరం) బ్యాకప్‌కో (డేటాకు విడిగా దాచే నకలు) కొటేషన్ ఇస్తే "చూద్దాం లెండి" అన్న మాట దగ్గరే ఆగిపోతోందని అన్నారు. అందువల్ల కంపెనీల ప్రతినిధులను పిలిపించి సరుకు గొప్పలు విని, భోజనం చేసి వెళ్లే సమావేశాలను ఈ ఏడాది తగ్గించి, కొనేవారినే పిలిచి వారు చెప్పింది వినాలని కార్యవర్గం తీర్మానించింది. జీడిపప్పు వ్యాపారులు, నర్సింగ్‌హోమ్ నడిపే వైద్యులు, కళాశాలల కార్యాలయ సిబ్బంది, చార్టర్డ్ అకౌంటెంట్లు, సహకార బ్యాంకులో పనిచేసి పదవీ విరమణ పొందిన ఒక పెద్దాయన మన నెలవారీ సమావేశాలకు వచ్చారు. అతిథుల ముందు అమ్మకం మాట ఎత్తకూడదన్న నియమాన్ని సభ్యులు చాలావరకు పాటించారు. ఒకరిద్దరు విజిటింగ్ కార్డులు పంచిన సంగతి తెలిసినా కార్యవర్గం చూసీచూడనట్లు ఊరుకుంది.

కొటేషన్ ఎవరి బల్ల మీదికి వెళ్తోంది

మనం కొటేషన్ ఇచ్చేది యజమానికే అయినా దాన్ని పూర్తిగా చదివేది ఆయన కాదని ఈ సమావేశాల్లో తేలింది. చిన్న వ్యాపారంలో ఆ కాగితం ముందుగా అకౌంటెంటు బల్ల మీదికి చేరుతుంది. ఫైర్‌వాల్ పెట్టాక లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ నెమ్మదిస్తుందేమో, ఆదివారం ఇంటి నుంచే ఆఫీసు కంప్యూటర్ తెరిచి పని చేసుకునే వీలు పోతుందేమో, జీఎస్టీ రిటర్ను ఆఖరు తేదీ సాయంత్రం పాస్‌వర్డు పనిచేయకపోతే ఎవరిని పిలవాలో అన్నవి ఆయన సందేహాలు. వాటికి జవాబు లేని కొటేషన్ ఎంత తక్కువ ధర చూపినా సొరుగులోకే పోతుంది. యజమాని ఎప్పుడైనా అడిగితే "ఇప్పుడంత తొందరేం లేదండి" అని ఆయన అనే ఒక్క మాటతో మన రెండు నెలల తిరుగుడు వృథా అవుతుంది. కాబట్టి యజమానితో మాట్లాడే ముందే అకౌంటెంటు పక్కన కూర్చుని ఆయన పని ఎలా సాగుతోందో చూసి రావాలని కార్యవర్గం సూచించింది. ఈ పద్ధతి పాటించిన సభ్యులు తమకు వచ్చే ప్రశ్నల తీరే మారిందని చెప్పారు.

అకౌంటెంటును దాటిన కాగితం ఫొటోగా మారి బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేస్తున్న కొడుక్కో అల్లుడికో చేరుతుంది. ఆయన ఆన్‌లైన్‌లో ధర వెతికి, "దీనికి ఇంతెందుకు నాన్నా?" అంటారు. వలస వెళ్లినవారు లేని ఇల్లు అరుదైన మన జిల్లాలో ఈ దూరపు సలహాదారుని మరచి కొటేషన్ రాయడం దండగ. ఆయనను పోటీదారుగా చూసే అలవాటు మనలో ఉంది. నిజానికి ఆ ఇంట్లో మన మాట పూర్తిగా అర్థమయ్యేది ఆయనకే. టెక్కలి సభ్యులు కొందరు యజమానిని అడిగి నంబరు తీసుకుని నేరుగా ఆయనతోనే మాట్లాడారు. లైసెన్సు ఎన్ని సంవత్సరాలకు, అప్‌డేట్లు ఎవరు చూస్తారు, బ్యాకప్ ఎక్కడ ఉంటుంది వంటి సరైన ప్రశ్నలు వేసింది ఆయనేనని, ఆయన సరేనన్నాక బేరం పెద్దగా సాగలేదని వారు నివేదించారు.

ఇక ఆడిటరు సంగతి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ నమోదు కావాలని, ఆ నమోదును ఆపేసే వీలు ఉండకూడదని నిబంధన వచ్చింది కనుక, లైసెన్సు లేకుండా క్రాక్ చేసిన పాత సాఫ్ట్‌వేర్‌తో నెట్టుకొస్తున్న కంపెనీని మొదట నిలదీసేది ఆడిటరే. మనం పదిసార్లు చెప్పినా వినని యజమాని ఆయన ఒక్కసారి చెబితే వింటారు. పట్టణంలోని చార్టర్డ్ అకౌంటెంట్ల కార్యాలయాలతో పరిచయం పెంచుకోవాలి. అయితే వారికి కమీషన్ ఆశ చూపడం తగదు. దానివల్ల వారి మాటకున్న విలువే పోతుంది.

భయపెడితే కొంటున్నారా

"మా దగ్గిర ఏటుందని వస్తారు బాబూ?" అని కాశీబుగ్గ నుంచి వచ్చిన ఒక జీడి వ్యాపారి అడిగిన ప్రశ్న మనందరం రోజూ వినేదే. దానికి మనం అలవాటుగా చెప్పే జవాబులు పెద్ద సంఘటనలు. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ వచ్చినప్పుడు రాష్ట్రంలోని కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లతో పాటు శ్రీకాకుళం జిల్లావీ దెబ్బతిన్నాయని చెబుతాం. దాన్ని ఆపగల అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే విడుదల చేసిందని కూడా చెబుతాం. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌లో సర్వర్లు మొరాయించి రోగుల నమోదు చేతిరాతకు మారిందని చెబుతాం. ఇవన్నీ నిజాలే. కానీ వినేవారికి అవి పెద్దవాళ్ల కష్టాలుగానే వినిపిస్తున్నాయి. భయం చెప్పి వచ్చిన చోట మర్నాటికి భయం తగ్గి, మన మీద చిరాకు మాత్రం మిగులుతోంది.

అదే వ్యాపారి మాటల మధ్యలో తన దగ్గర జరిగిన ఒక సంగతి చెప్పారు. ముడి జీడిగింజలు పంపే సరఫరాదారు నుంచి వచ్చినట్టే ఒక మెయిల్ వచ్చింది. బ్యాంకు ఖాతా మారింది, ఈసారి డబ్బు కొత్త ఖాతాకు పంపమని అందులో ఉంది. పాత ఇన్వాయిస్ నమూనా, సంతకం, ముద్ర అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆయన గుమస్తాకు చత్వారం వచ్చి ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసి చదివే అలవాటు ఉండబట్టి, పంపినవారి చిరునామాలో ఇంగ్లీషు 'ఎం' (m) ఉండాల్సిన చోట 'ఆర్', 'ఎన్' (rn) పక్కపక్కన ఉన్నట్టు కనబడింది. సరఫరాదారుకు ఫోన్ చేస్తే తాము అలాంటి మెయిల్ పంపలేదన్నారు. ఆ కార్యాలయంలో మన సభ్యుడే అమ్మిన యాంటీవైరస్ ఉంది, రెన్యువల్ కూడా సకాలంలో జరిగింది. అయినా ఇలాంటి మెయిల్‌ను అది పట్టుకోలేదు.

ఈ ఉదంతంపై ఆ నెల సమావేశంలో చాలాసేపు చర్చ జరిగింది. ఆ వ్యాపారికి కావలసినవి మెయిల్‌కు రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డుతో పాటు ఫోన్‌కు వచ్చే కోడ్ వంటి రెండో తనిఖీ), ఖాతా వివరాలు మారితే పాత నంబరుకు ఫోన్ చేశాకే డబ్బు పంపాలన్న నియమం, పొరపాటున పంపితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలన్న ఎరుక. వీటిలో మనకు మిగిలే లాభం దాదాపు లేదు. "లాభం లేని సలహా మనమెందుకు చెప్పాలి?" అని కొందరు అడిగిన మాటలో తప్పు లేదు. కానీ తన దగ్గర దొంగిలించడానికేమీ లేదనుకునే మనిషికి, తాను వారం వారం పంపే డబ్బే దొంగకు కావలసిందని అర్థమయ్యాక ఆయన వినే తీరు వేరుగా ఉంటుంది. ఆ వ్యాపారి తర్వాత తన కంపెనీ పేరుతో సొంత డొమైన్ మెయిల్, బ్యాకప్ రెండూ మన సభ్యుడి దగ్గరే తీసుకున్నారు.

ఉద్దానం వైపు మరో సంగతి గమనించాం. వైరస్ మాట ఎత్తితే పట్టించుకోనివారు కూడా బ్యాకప్ మాట ఎత్తితే కూర్చుని వింటారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి జీడి, కొబ్బరి తోటలను నేలమట్టం చేసినప్పుడు కరెంటు లేక, కాగితాలు తడిసి పడ్డ అవస్థ వారికి ఇంకా గుర్తుంది. బ్యాకప్ కాపీ ఊరికి దూరంగా ఎందుకు ఉండాలో అక్కడ విడిగా చెప్పనక్కరలేదు. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్) గురించి ఉపన్యాసం ఇచ్చే బదులు అక్కడ ఈ మాటతోనే మొదలుపెట్టవచ్చు.

ఎవరు అడిగితే కొంటున్నారు

వచ్చిన అతిథులందరి మాటల్లోనూ పదేపదే వినిపించింది ఏమిటంటే, రక్షణ సరుకును ఎవరూ తమంతట తాము కోరి కొనడం లేదు. తమకంటే పైనున్నవారు అడిగినప్పుడు కొంటున్నారు. ఆ అడిగేవారు ఎవరో తెలిస్తే సగం అమ్మకం అయినట్టే.

సహకార బ్యాంకు పెద్దాయన చెప్పిన మాటలు ఇందుకు తార్కాణం. 2018 ఆగస్టులో పుణెలోని కాస్మోస్ బ్యాంకు 94 కోట్ల రూపాయలు పోగొట్టుకున్న తర్వాత, అదే ఏడాది అక్టోబరులో రిజర్వు బ్యాంకు పట్టణ సహకార బ్యాంకులకు ప్రాథమిక సైబర్ రక్షణ విధానాన్ని నిర్దేశించింది. 2019 డిసెంబరు 31న బ్యాంకుల డిజిటల్ వ్యవహారాల విస్తృతిని బట్టి వాటిని నాలుగు స్థాయిలుగా విభజించింది. బ్యాంకులో కొనుగోలు చూసే అధికారి చేతిలో ఆ సర్క్యులరే సరుకుల చీటీ అని, మన కొటేషన్‌లో ఏ వస్తువు ఏ నిబంధనకు సరిపోతుందో రాసి ఇస్తే ఆయన దాన్ని పైవారికి అలాగే పంపగలరని పెద్దాయన వివరించారు. సరుకు ఎంత గొప్పదో వర్ణించే నాలుగు రంగుల కరపత్రం ఆయనకు ఎందుకూ పనికిరాదు.

నర్సింగ్‌హోమ్‌ల విషయంలో ఈ ఏడాది కొందరు సభ్యులు తొందరపడ్డారని చెప్పక తప్పదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వెలువడగానే, 250 కోట్ల జరిమానా అంటూ వైద్యులకు వాట్సాప్ సందేశాలు వెళ్లాయి. 250 కోట్లన్నది గరిష్ఠ పరిమితి. ఉల్లంఘన తీవ్రతను బట్టి జరిమానా నిర్ణయమవుతుంది. ప్రధాన బాధ్యతలు అమల్లోకి వచ్చేది నియమాలు వెలువడిన పద్దెనిమిది నెలలకు, అంటే 2027 మేలో. పది పడకల ఆసుపత్రి నడిపే డాక్టరుగారు తన లాయరును అడిగి ఈ సంగతి తెలుసుకున్న మరుక్షణం మన మిగతా మాటలూ నమ్మరు. అలాంటి సందేశాలు మానాలని కార్యవర్గం కోరుతోంది.

వైద్యులకు నిజంగా కావలసిన జవాబు ఒకటే: కంప్యూటర్ ఆగితే ఎంతసేపట్లో మళ్లీ నడుస్తుంది? ల్యాబ్ రిపోర్టులు, బిల్లులు, ఎన్టీఆర్ వైద్య సేవ క్లెయిములు అన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. పట్టణంలోని ఒక నర్సింగ్‌హోమ్‌లో మన సభ్యుడు రాత్రి ఓపీ ముగిశాక ఒక పాత ల్యాప్‌టాప్‌లో డేటా నకలు పెట్టి, రిసెప్షన్ అమ్మాయినే ఏదో ఒక పాత బిల్లు ఎంచుకోమని, దాన్ని ఆమె చేతనే తొలగింపజేసి, టీలు వచ్చేలోగా బ్యాకప్ నుంచి తిరిగి రప్పించి చూపారు. డాక్టరుగారు అడిగిన ప్రశ్న ఒక్కటే, అప్పుడు కరెంటు లేకపోతే ఏం చేస్తారని. యూపీఎస్ కొటేషన్ కూడా ఆ రాత్రే రాసిచ్చారు.

కంపెనీలుగా నమోదైన ఖాతాదారులకు చెప్పదగినది కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశం. సైబర్ సంఘటన దృష్టికి వచ్చిన 6 గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లను (కంప్యూటర్, నెట్‌వర్క్‌లో ఏం జరిగిందో చూపే నమోదులను) 180 రోజులు భద్రపరచాలి. చవక రూటర్లలో ఆరు నెలల లాగ్ నిలవదన్నది చూపించగల విషయం కనుక ఇక్కడ బెదిరింపు అవసరం లేదు.

పైడిభీమవరం మందుల పరిశ్రమల మీద ఆశ పెట్టుకున్న సభ్యులకు ఒక మాట. అక్కడి కొనుగోళ్లు చాలావరకు హైదరాబాదులో నిర్ణయమవుతాయి. గేటు దగ్గర కార్డు ఇచ్చి రావడం కంటే హైదరాబాదు పెద్ద సంస్థలకు స్థానిక సర్వీసు భాగస్వామిగా చేరడం మేలు. కళాశాలల్లో కొనుగోలు కమిటీ, మూడు కొటేషన్ల పద్ధతి ఉన్నాయి, తనిఖీ బృందం వచ్చే ముందే అక్కడ పని కదులుతుంది.

సీసీ కెమెరాలకు 2025 ఏప్రిల్ 9 నుంచి సైబర్ భద్రతా పరీక్ష తప్పనిసరి కావడంతో, రక్షణ గురించి ఎన్నడూ అడగని కిరాణా దుకాణదారు కూడా ఈ కెమెరాకు ఆ సర్టిఫికెట్ ఉందా అని అడుగుతున్నారు. అడిగిన రోజే డిఫాల్ట్ పాస్‌వర్డు మార్చి, మార్చినట్టు ఆయనకు చూపించి రావాలి. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మద్దతు ముగియడంతో కొత్త యంత్రాలు బాగానే అమ్ముడయ్యాయి. ఆ పాత యంత్రాల్లోని హార్డ్‌డిస్కులను ఏం చేయాలో చాలామంది మనల్ని అడగలేదు, మనమూ చెప్పలేదు. ఈ పని వచ్చే ఏడాదికి మిగిలింది.

కొటేషన్ నమూనా, వసూళ్లు

సంఘం తరఫున తెలుగులో ఒక పేజీ కొటేషన్ నమూనా తయారైంది. ఏ పని ఆగిపోయే ప్రమాదం ఉందో మొదట, మనం చేసే పని తర్వాత, ఆపద వస్తే పిలవాల్సిన నంబరు దాని తర్వాత, 18 శాతం జీఎస్టీతో కలిపిన ధర చివర ఉంటాయి. కొత్త కంప్యూటర్‌తో యాంటీవైరస్‌ను ఉచితంగా ఇవ్వడం మానాలన్న ప్రతిపాదనపై ఏకాభిప్రాయం కుదరలేదు. కొసరుగా ఇచ్చిన సరుకుకు మరుసటి ఏడాది ధర అడగడం కష్టమన్నదే కార్యవర్గం అభిప్రాయం.

బాకీల విషయంలో, 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం 45 రోజుల్లో చెల్లింపు పొందే హక్కు కేవలం సరుకు కొని అమ్మే వ్యాపారులకు వర్తించదు, సేవలు అందించేవారికి వర్తిస్తుంది. కాబట్టి ఇలాంటి సంస్థలు నమోదు చేసుకునే ప్రభుత్వ పోర్టల్ ఉద్యమ్‌లో సేవల విభాగంలో నమోదు చేసుకుని, ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) బిల్లును సరుకు బిల్లు నుంచి విడిగా ఇవ్వాలని సభ్యులకు సూచిస్తున్నాం.

పలాస వ్యాపారులు వేసవిలో గింజల కొనుగోలుకే డబ్బంతా పెడతారు కనుక అక్కడి సమావేశాన్ని దీపావళి తర్వాత జరపాలని నిర్ణయించాం. జమాఖర్చుల పట్టిక, తనిఖీదారు నివేదిక విడిగా జతచేశాం. కొటేషన్ నమూనా కావలసినవారు సభ్యత్వ రుసుము చెల్లించేటప్పుడు కార్యాలయంలో తీసుకోవచ్చు.

ఇట్లు,
కార్యదర్శి, కార్యవర్గం తరఫున
శ్రీకాకుళం