ఖాళీలో గాలి నింపకు

చిన్నా,

ఖాళీలోకి (వాక్యూమ్‌లోకి) గాలి వ్యాపించడాన్ని లెక్కగట్టే నీ ప్రోగ్రామ్, సాంద్రత మైనస్‌లోకి పోయి ఆగిపోతోందని, ఆగకుండా ఉండటానికి ఖాళీ అంతటా మామూలు సాంద్రతలో పది లక్షో వంతు గాలి నింపానని ఫోన్‌లో చెప్పావు. చాలామంది చేసే పనే, మీ గైడ్ గారు కూడా ఏమీ అనకపోవచ్చు. నాకు మాత్రం ఆ పది లక్షో వంతు మీదే అనుమానం.

గాలి పల్చబడితే స్నిగ్ధత, అంటే పొరలు ఒకదాన్నొకటి పట్టి లాగే జిగట గుణం, తగ్గుతుందనుకుంటాం. ఉష్ణోగ్రత మారనంతవరకు తగ్గదు. 1860లో భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ లెక్క ఈ మాట చెబితే ఆయనకే నమ్మబుద్ధి కాలేదు. లండన్‌లో తన ఇంటి అటక గదిలో ప్రయోగం పెట్టాడు. గది వేడి నిలకడగా ఉండాలని మండు వేసవిలో ఆయన భార్య కేథరిన్ నిప్పు ఎగదోస్తూ కూర్చుంది, పక్కన కెటిళ్ళలో నీళ్ళు మరుగుతూనే ఉన్నాయి. (ఆవిడ ఓపికకి దండం పెట్టాలి.) 1866లో ఫలితం చెప్పేనాటికి లెక్కే నెగ్గింది.

ఇప్పుడు నీ కోడ్ చూడు. స్నిగ్ధత అంతే ఉండి సాంద్రత పది లక్షల రెట్లు పడిపోతే, ఎక్స్‌ప్లిసిట్ పద్ధతిలో (ఇప్పటి విలువలతోనే తర్వాతి క్షణాన్ని లెక్కగట్టే పద్ధతి) స్నిగ్ధత ఒప్పుకునే టైమ్ స్టెప్, అంటే ఒక్కో అడుగులో ముందుకు జరిగే సమయం కూడా అన్ని రెట్లు పడిపోతుంది. రన్ తెల్లవార్లూ సాగుతోందంటే తప్పు మీ ల్యాబ్ కంప్యూటర్‌ది కాదు. పైగా ఆ పల్చటి గాలి బెల్లం పాకంలా సాగి, మధ్యలో ఖాళీతో విడిగా ఉండాల్సిన రెండు గాలి ముద్దల్ని కూడా కలిపి లాగుతుంది. స్నిగ్ధతని స్థిరంగా ఉంచితే వాక్యూమ్ దగ్గర జవాబు మొదటి విలువల్ని సవ్యంగా అనుసరించదని 1991లో గణితవేత్తలు హాఫ్, సెర్ చూపించారు. స్నిగ్ధతని సాంద్రతతోపాటు మారనివ్వాలని 1998లో లియు, షిన్, యాంగ్ వాదించారు. అదేం గారడీ కాదు. వ్యాకోచించే వాయువు చల్లబడుతుంది, చల్లబడితే స్నిగ్ధత తగ్గుతుంది. అలా సాంద్రత దొడ్డిదారిన వచ్చి చేరుతుంది.

కాబట్టి నింపడం మానెయ్. దూరం బదులు ద్రవ్యరాశిని కోఆర్డినేట్‌గా తీసుకో. గ్రిడ్ (లెక్కకి వాడే గడుల వరుస) గాలితోపాటే కదులుతుంది, ఖాళీకి అసలు గడే ఉండదు. ముందు స్నిగ్ధత సున్నా పెట్టు. గది ఉష్ణోగ్రత దగ్గర గాలి అంచు ధ్వనికి 5 రెట్లు, అంటే సెకనుకు సుమారు 1,700 మీటర్ల వేగంతో పోవాలి. గడులు సన్నం చేసేకొద్దీ నీ అంకె దాని దగ్గరికి రావాలి. ధ్వని వేగం సగానికి పడినచోట సాంద్రత మొదటిదాంట్లో 32వ వంతు ఉండాలి. ఈ రెండూ కుదిరాకే స్నిగ్ధత కలుపు.

ఇంకొకటి. మామూలు గాలిలో అణువు దేన్నీ ఢీకొనకుండా పోయే సగటు దూరం 70 నానోమీటర్లు. నీ పది లక్షో వంతు గాలిలో అది 7 సెంటీమీటర్లు! నీ అంచు పొర మందం అంత కూడా లేదు, ఇక గాలిని ఎడతెగని ప్రవాహంగా లెక్కగట్టే నావియర్-స్టోక్స్ సమీకరణాలు అక్కడేం చెల్లుతాయి? సాంద్రత చెప్పుకోదగ్గంత మారే దూరంలో ఇది పదో వంతు దాటిన చోట గీత గీసెయ్. అవతలి భాగానికి, అణువుల్ని లాటరీ లెక్కన ఢీకొట్టించే బర్డ్ పద్ధతి ఉంది. టైమ్ లేకపోతే మోడల్ ఇక్కడిదాకానే అని థీసిస్‌లో రాసెయ్, దానికి టెన్షన్ దేనికి?

1,700 వచ్చిందో లేదో ఆదివారంలోపు మెసేజ్ పెట్టు. సాంద్రత గ్రాఫ్ లాగ్ స్కేల్‌లో పంపు, మామూలు స్కేల్‌లో అంచు నాకేం కనబడదు.

అమ్మ